యుంగ్ మో: ధైర్యానికి ఒక నగరం పెట్టుకున్న పేరు



2019 జూన్‌లో హాంకాంగ్ శాసన మండలి భవనం ఎదుట వేలమంది యువతీయువకులు రాత్రంతా ఒకే చిన్న కీర్తన పాడుతూ పోలీసుల ముందు నిలబడ్డారు. ‘సింగ్ హల్లెలూయ టు ద లార్డ్’ అనే ఆ పాటను 1974లో లిండా స్టాసెన్ అనే అమెరికన్ సోదరి రాశారు. అది ఒక రాజకీయ ఉద్యమానికి అనధికార గీతమవుతుందని ఆమె ఊహించి ఉండరు. మీలో చాలామంది ఆ వీడియో చూసే ఉంటారు. అదే ఏడాది నవంబరులో అదే నగరం నుండి వచ్చిన దృశ్యాలు వేరు. పెట్రోలు బాంబులు, రోడ్ల మీద పరచిన ఇటుకలు, మంటల్లో విశ్వవిద్యాలయ ద్వారాలు.

కీర్తనకూ పెట్రోలు బాంబుకూ మధ్య గడిచింది అయిదు నెలలే. ఆ అయిదు నెలల్లో, అంతకుముందు కొన్నేళ్లలో, ఆ ప్రజల మనసు ఎలా కదిలిందో తెలుసుకోవాలంటే వారి కాంటొనీస్ భాషలోని ఒక మాటను పట్టుకుని నడవవచ్చు. ఆ మాట ‘యుంగ్ మో’. స్థూలంగా ధైర్యం, శౌర్యం అని అర్థం. నిఘంటువులో నిదానంగా పడి ఉన్న ఈ మాట పదేళ్లలో ఒక వర్గానికి పేరైంది, ఒక మార్గానికి పేరైంది, చివరికి అనుమానించదగిన మాటగా మారింది. సంఘాలుగా మనం దీన్ని తెలుసుకోవడం మంచిది. ఎందుకంటే ధైర్యంగా ఉండుమని మన పిల్లలకు ప్రతి ఆదివారం చెబుతున్నాం. ఏది ధైర్యమో కూడా చెబుతున్నామా అన్నది వేరే ప్రశ్న.

రెండు అక్షరాలు

చైనా లిపిలో ప్రతి అక్షరమూ దాదాపు ఒక మాటే. ‘యుంగ్ మో’లో రెండు అక్షరాలున్నాయి. ‘యుంగ్’ అంటే ధైర్యం. ఆ అక్షరం అడుగున బలాన్ని సూచించే గుర్తు ఉంటుంది. కన్ఫ్యూషియస్ బోధలో జ్ఞానం, కరుణ, ధైర్యం అనే మూడు పక్కపక్కనే నిలిచే గుణాలు. న్యాయమేదో కనబడినా చేయనివాడు పిరికివాడని ఆయన బోధించాడు. ధైర్యముండి న్యాయం లేనివాడు అల్లరికి కారణమవుతాడని కూడా హెచ్చరించాడు. అంటే ఈ మాట పుట్టిన నాగరికతలోనే ధైర్యానికి ఒక కాపలా ఉంది.

‘మో’ అంటే యుద్ధ సంబంధమైనది, ఆయుధ బలం. ఈ అక్షరం గురించి ఒక పాత కథ ఉంది. క్రీ.పూ. 597లో చూ రాజ్యపు రాజు ఒక పెద్ద యుద్ధం గెలిచాడు. శత్రువుల శవాలను గుట్టగా పోసి విజయచిహ్నం కట్టమని అతని మనుషులు సలహా ఇచ్చారు. రాజు ఒప్పుకోలేదు. ఈ అక్షరాన్ని విడదీసి చూస్తే ‘ఆపు’ అనే గుర్తు, ‘ఆయుధం’ అనే గుర్తు కనబడతాయని, ఆయుధాన్ని ఆపడమే అసలైన వీరత్వమని చెప్పాడు. నేటి భాషాపండితులు ఈ వివరణను అంగీకరించరు. అందులో ‘ఆపు’గా కనిపించే గుర్తు మొదట పాదం బొమ్మ అని, ఆయుధం పట్టుకుని నడిచి వెళ్లడమే దాని తొలి అర్థమని వారంటారు. ఒకే అక్షరంలో ఒకరికి ఆయుధాన్ని ఆపే చెయ్యి కనబడింది, మరొకరికి ఆయుధంతో సాగే కాలు కనబడింది. హాంకాంగ్‌లో తర్వాత జరిగిన వాదమంతా ఈ రెండు చూపుల మధ్యనే జరిగిందనిపిస్తుంది.

మన భాషలోనూ ఇలాంటి మాట ఉంది. ‘సాహసం’ అంటే ఈనాడు మెచ్చుకోలు. ప్రాచీన ధర్మశాస్త్రాల్లో మాత్రం సాహసమంటే బలప్రయోగంతో చేసిన నేరం. మాట అదే, తీర్పు తిరగబడింది.

శాంతి మార్గానికీ ఒక పేరుంది

హాంకాంగ్ 1997 జూలై 1న బ్రిటన్ చేతుల నుండి చైనా చేతికి వచ్చింది. ‘ఒకే దేశం, రెండు వ్యవస్థలు’ అనే సూత్రం ప్రకారం ఆ నగరపు చట్టాలు, స్వేచ్ఛలు 50 ఏళ్లు కొనసాగుతాయని మాట ఇచ్చారు. ఆ స్వేచ్ఛల కోసం అక్కడి ప్రజలు మొదట ఎంచుకున్నది శాంతియుత ఊరేగింపు. 2003 జూలై 1న జాతీయ భద్రత బిల్లుకు వ్యతిరేకంగా 5 లక్షలమంది నడిచారని నిర్వాహకులు చెప్పారు. ప్రభుత్వం ఆ బిల్లును వెనక్కి తీసుకుంది. నడిస్తే వింటారన్న నమ్మకం ఆ రోజు ఒక తరంలో నాటుకుంది.

ఈ మార్గానికి ‘వో లేయ్ ఫేయ్’ అని పేరు వచ్చింది. శాంతి, వివేకం, అహింస అనే మూడు మాటల మొదటి అక్షరాలు కలిపిన పొట్టి పేరది.

2014లో ఈ మార్గానికి పరీక్ష వచ్చింది. నగర పాలకుణ్ణి ప్రజలు ఓటుతో ఎన్నుకోవచ్చు గాని, అభ్యర్థులను మాత్రం ముందుగా ఒక కమిటీ వడపోస్తుందని బీజింగ్ తేల్చింది. దానికి నిరసనగా ప్రేమతో, శాంతితో నగర కేంద్రాన్ని ఆక్రమిస్తామని ముగ్గురు పెద్దలు ముందే ప్రకటించి ఉన్నారు. వారు న్యాయశాస్త్ర ఆచార్యుడు బెన్నీ తాయ్, సామాజిక శాస్త్రవేత్త చాన్ కిన్-మన్, బాప్టిస్టు పాస్టరు చూ యూ-మింగ్. సెప్టెంబరు 28న పోలీసులు 87 టియర్ గ్యాస్ గోళాలు పేల్చారు. జనం గొడుగులు అడ్డుపెట్టుకున్నారు. 79 రోజులు రోడ్ల మీదే ఉన్నారు. చివరికి గుడారాలు తొలగించారు, కోరిన దానిలో ఒక్కటీ దక్కలేదు.

మెచ్చుకోలు వెక్కిరింతగా మారిన రోజు

ఆ 79 రోజుల్లో ఒక సంఘటన గుర్తుంచుకోదగినది. 2014 నవంబరు 19 తెల్లవారుజామున కొందరు ఇనుప బారికేడ్లతో శాసన మండలి గాజు తలుపులు పగలగొట్టారు. ప్రజాస్వామ్య పక్షపు నాయకులే దాన్ని ఖండించారు. దూకుడుగా వెళ్దామన్నవారిని ఉద్యమంలోని వారే అనుమానించారు, ప్రభుత్వం పంపిన మనుషులేమో అన్నారు.

ఉద్యమం ఓడిపోయాక ఆ నింద తిరగబడింది. మనం ఓడింది శాంతి వల్లనే అని యువకుల్లో ఒక వర్గం అనసాగింది. ‘వో లేయ్ ఫేయ్’ అన్న పేరు వారి నోట వెక్కిరింత అయింది. పాటలు పాడి, ఫొటోలు దిగి, ఇంటికి పోయేవాళ్లు అన్నట్టు పలికారు. దానికి ఎదురుగా వారు నిలబెట్టిన మాటే ‘యుంగ్ మో’. దెబ్బకు దెబ్బ తీయగలవారు, అరెస్టుకు వెరవనివారు అని దాని భావం.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. హింసకు సిద్ధపడే వర్గం తనకు ‘హింసావర్గం’ అని పేరు పెట్టుకోదు. ధైర్యం అని పెట్టుకుంటుంది. ఒక వర్గం ధైర్యాన్ని తన ఇంటిపేరు చేసుకుంటే, అవతలివారికి చెప్పకుండానే ఇంకో పేరు పడిపోతుంది. టియర్ గ్యాస్‌లో 79 రోజులు కూర్చున్న తల్లి, పాస్టరు, విద్యార్థి ధైర్యవంతుల లెక్కలో లేకుండా పోయారు. మాట అర్థం మారినప్పుడు అసలు నష్టం ఇక్కడే జరిగింది.

2016 చాంద్రమాన నూతన సంవత్సరపు రాత్రి మాంగ్‌కాక్ ప్రాంతంలో వీధి తినుబండారాల వ్యాపారుల విషయమై మొదలైన గొడవ తెల్లవార్లూ రాళ్లతో, ఇటుకలతో సాగింది. పోలీసులు గాలిలోకి రెండు తూటాలు పేల్చారు. అందులో పాల్గొన్న ఎడ్వర్డ్ లియుంగ్ అనే యువ నాయకుడికి, అదే నెలలో జరిగిన ఉపఎన్నికలో 66,000కు పైగా ఓట్లు వచ్చాయి. ‘యుంగ్ మో’కు ఓటర్లున్నారని అప్పుడు తెలిసింది. కొన్ని నెలలకు వచ్చిన సాధారణ ఎన్నికల్లో పోటీ చేయనివ్వలేదు. 2018లో అల్లర్ల కేసులో అతనికి 6 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఓటు తలుపు మూసుకోవడం, జైలు తలుపు తెరుచుకోవడం రెండూ ఆ మాటకు మరింత బరువిచ్చాయి.

ఒకే చాప మీద

2019లో ప్రభుత్వం నేరస్థుల అప్పగింత బిల్లు తెచ్చింది. అది చట్టమైతే హాంకాంగ్ వాసులను విచారణకు చైనా ప్రధాన భూభాగానికి పంపవచ్చని జనం భయపడ్డారు. జూన్ 9న 10 లక్షలమంది నడిచారని నిర్వాహకులు చెప్పారు. 2,40,000 అని పోలీసుల లెక్క. ఏ లెక్క తీసుకున్నా 75 లక్షల జనాభా ఉన్న నగరానికి అది చాలా పెద్ద సంఖ్య. ప్రభుత్వం కదలలేదు.

మనం మొదట చెప్పుకున్న కీర్తన ఆ వారంలోనే పుంజుకుంది. దానికి ఒక చట్టపరమైన కారణం కూడా ఉంది. అక్కడ బహిరంగ సభలకు పోలీసులకు ముందుగా తెలియజేయాలి గాని మతపరమైన కూడికలకు ఆ నియమం లేదు. విశ్వాసులు పాడుతుంటే విశ్వాసం లేనివారూ గొంతు కలిపారు. వాన్‌చాయ్ మెథడిస్టు చర్చి వంటివి అలసినవారి కోసం తలుపులు తెరిచాయి. నగర పాలకురాలు క్యారీ లామ్ కూడా క్యాథలిక్ విశ్వాసి అన్నది మరువకూడదు. ప్రభువు బల్లకు వచ్చేవారు రెండు వైపులా ఉన్నారు.

జూన్ 12న టియర్ గ్యాస్, రబ్బరు తూటాలు పేలాయి. మూడు రోజులకు బిల్లును పక్కన పెడుతున్నామని ప్రభుత్వం ప్రకటించింది. యువకులు దీన్నుండి ఒక పాఠం తీసుకున్నారు: పది లక్షలమంది నడిస్తే కదలనిది, ఘర్షణ జరిగితే కదిలింది. జూలై 1న వారు శాసన మండలి భవనంలోకి చొచ్చుకుపోయారు. శాంతియుత ఊరేగింపులు పనికిరావని మాకు నేర్పింది మీరే అనే భావంతో లోపల ఒక స్తంభం మీద రాశారు. క్యాంటీన్ ఫ్రిజ్‌లోని పానీయాలు తీసుకున్నవారు డబ్బులు అక్కడే పెట్టి వెళ్లారు. పోలీసులు వచ్చే వేళకు నలుగురు బయటికి రామని కూర్చుంటే, కొందరు మళ్లీ లోపలికి పరుగెత్తి, పోతే అందరం కలిసే పోదామంటూ వారిని ఎత్తుకొచ్చారు.

2014లో గాజు తలుపు పగిలితే సొంతవారే ఖండించారు. 2019లో మండలి మొత్తం పగిలినా ఉద్యమంలో ఎక్కువమంది ఖండించలేదు. ఈ తేడాకు కారణం మరో మాటలో ఉంది: ‘చాప కోయవద్దు’. ఇదీ పాత కథ నుండి వచ్చిందే. హాన్ వంశపు చివరి రోజుల్లో ఇద్దరు మిత్రులు ఒకే చాప మీద కూర్చుని చదువుకునేవారు. బయట ఒక గొప్పవాడి బండి వెళ్తుంటే ఒకడు పుస్తకం వదిలి చూడబోయాడు. రెండోవాడు చాపను మధ్యకు కోసి, ఇక నువ్వు నా స్నేహితుడివి కావన్నాడు. 2014లో మనం చాప కోసుకున్నాం, అందుకే ఓడాం, ఈసారి కోయవద్దు అని హాంకాంగ్ వారు తీర్మానించుకున్నారు. ‘వో లేయ్ ఫేయ్’, ‘యుంగ్ మో’ ఒకే కుటుంబమన్నారు. ఒకరినొకరు ‘సౌ జుక్’ అని పిలుచుకున్నారు. ‘చేతులు కాళ్లు’ అని ఆ మాటకు అర్థం, తోబుట్టువులని భావం.

చేతులు, కాళ్లు అనగానే మనకు 1 కొరింథీయులకు 12వ అధ్యాయం గుర్తుకు వస్తుంది. ఒక అవయవం బాధపడితే అన్నీ బాధపడాలన్న అపొస్తలుడి బోధ, ఆ పేరు కూడా తెలియని యువకుల మధ్య ఆ వేసవిలో కనబడింది. ముందు వరుసలో ఉన్నవారికి వెనుకవారు హెల్మెట్లు, నీళ్లు చేతుల మీదుగా అందించారు. ముక్కూమొహం తెలియని పిల్లలకు పెద్దలు భోజనం పెట్టారు. దానిని తక్కువ చేయకూడదు.

చెల్లించిన వెల

అయితే ఆ ఐక్యతకు ఒక వెల ఉంది. చాప కోయనని ప్రమాణం చేసినవాడు, పక్కవాడి చెయ్యి పట్టుకుని ‘తమ్ముడూ, ఇక ఆపు’ అనడం కూడా మానేశాడు. ఆపమంటే ద్రోహమన్నట్టు ఉండేది.

రెండు వైపులా హింస పెరిగింది. జూలై 21న యుయెన్‌లాంగ్ రైలు స్టేషన్‌లో తెల్లచొక్కాల ముఠా ప్రయాణికులను కర్రలతో కొట్టింది. పోలీసులు ఆలస్యంగా వచ్చారన్న కోపం నగరమంతా పాకింది. ఆ ఏడాది పోలీసులు పేల్చిన టియర్ గ్యాస్ గోళాలు 16,000 దాటాయి. నవంబరు 11న ఒక పోలీసు అధికారి ఒక యువకుణ్ణి దగ్గరినుండి కాల్చాడు. అదే రోజు నిరసనకారులతో వాదించిన ఒక వ్యక్తి మీద మండే ద్రవం పోసి నిప్పంటించారు. రెండు రోజుల తర్వాత షియుంగ్‌షుయ్ ప్రాంతంలో ఇరువర్గాలు ఇటుకలు విసురుకుంటుండగా 70 ఏళ్ల పారిశుద్ధ్య కార్మికుడికి ఒక ఇటుక తలకు తగిలింది. ఆయన మరునాడు మరణించాడు. ఆయన ఏ వర్గపు వీరుడూ కాడు. భోజన విరామంలో ఉన్నాడు.

ఆ ఇటుకను ఏ పేరుతో పిలవాలి? ప్రభుత్వం దగ్గర ఒక పేరు సిద్ధంగా ఉంది: ‘హాక్ బో’, అంటే నల్లటి హింస. నిరసనకారులు నల్లబట్టలు వేసుకునేవారు గనుక ఆ పేరు పెట్టారు. ఒక వైపు ‘యుంగ్ మో’, మరో వైపు ‘హాక్ బో’. అదే వీధి, అదే పిల్లలు. ఒక మాటలో వారు చేసిన తప్పు కనబడదు, రెండో మాటలో వారి ఆవేదన కనబడదు.

నవంబరు 24న జరిగిన జిల్లా మండళ్ల ఎన్నికల్లో 71 శాతం మంది ఓటు వేశారు. ప్రజాస్వామ్య పక్షాలు 18 మండళ్లలో 17 గెలిచాయి. కాని 2020 జూన్ 30న బీజింగ్ జాతీయ భద్రతా చట్టం తెచ్చింది. 2019 ఉద్యమానికి సంబంధించి అరెస్టయినవారు 10,000కు పైగా, వారిలో విద్యార్థులు దాదాపు 4,000. అల్లర్ల నేరానికి గరిష్ఠ శిక్ష 10 ఏళ్లు. ఆ భద్రతా చట్టం కింద జరిగిన మొదటి విచారణలో ఒక నినాదంలోని మాటలకు అర్థమేమిటన్న దాని మీద నిపుణులు కోర్టులో రోజుల తరబడి వాదించారు. నిందితుడికి 9 ఏళ్ల శిక్ష పడింది. మాట అర్థం మనిషి ఆయుష్షును కొలిచే స్థితి వచ్చింది.

పేరు దక్కని ధైర్యం

ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ మాట నీడలో మరుగున పడిన కొందరు కనబడతారు. గుడ్ నైబర్ నార్త్ డిస్ట్రిక్ట్ చర్చితో కలిసి పనిచేసిన వృద్ధుల బృందం ఒకటి ఉండేది. పిల్లలను కాపాడదాం అన్నది వారి పేరు. పోలీసులకూ యువకులకూ మధ్య ఈ ముసలివారు చేతులు చాచి నిలబడేవారు. ఇటువారిని కొట్టవద్దని బతిమాలారు, అటువారిని వెళ్లిపొమ్మని బతిమాలారు. పాస్టరు చూ యూ-మింగ్ 75 ఏళ్ల వయసులో 2019 ఏప్రిల్‌లో కోర్టు బోనులో నిలబడి శాంతితో చేసిన పనికి బాధ్యత తనదేనన్నారు. ఆయన 16 నెలల శిక్షను కోర్టు నిలిపి ఉంచింది, మిగతా ఇద్దరు మిత్రులు జైలుకు వెళ్లారు. వీరిని ఎవరూ ‘యుంగ్ మో’ అనలేదు. ఆయుధాన్ని ఆపడమే వీరత్వమన్న ఆ పాత రాజు ఉంటే మాత్రం అనేవాడేమో.

మన కొత్త నిబంధనలో ఈ ప్రయాణం ఎదురు దిశలో జరిగింది. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో పేతురు, యోహానుల ‘ధైర్యము’ను చూసి పెద్దలు ఆశ్చర్యపడ్డారు. అక్కడి గ్రీకు మాట ‘పర్రేసియ’. అది మొదట ఏథెన్సు నగర రాజకీయాల మాట. సభలో నిలబడి మనసులో ఉన్నదంతా నిర్భయంగా చెప్పే పౌరుడి హక్కు దాని అర్థం. హాంకాంగ్‌లో ధైర్యమనే మాట రాజకీయాల్లోకి వెళ్లి చేతికి ఆయుధమిచ్చింది. అపొస్తలుల నోట రాజకీయాల మాట విశ్వాసంలోకి వచ్చి సాక్ష్యమిచ్చే నాలుక అయింది.

పేతురు రెండు ధైర్యాలనూ ఎరుగును. గెత్సెమనేలో కత్తి దూసి మల్కు చెవి నరికాడు. ఆ రాత్రి అతణ్ణి చూసినవారు యుంగ్ మో అనే అంటారు. కోడి కూయకముందే ఒక పనిపిల్ల ప్రశ్నకు వణికాడు. కత్తి పట్టిన ధైర్యం తెల్లవారేదాకా కూడా నిలవలేదు. ప్రభువు తెగిన చెవిని బాగుచేశాడు. పేతురు ఉత్త చేతులతో మహాసభ ఎదుట నిలిచినప్పుడు మాత్రం దెబ్బలు గాని చెరసాల గాని అతణ్ణి కదల్చలేదు.

చాప సంగతి కూడా అక్కడే నేర్చుకోవచ్చు. అంతియొకయలో పేతురు తప్పు చేసినప్పుడు పౌలు అందరి ఎదుట ముఖాముఖిగా నిలదీశాడు. చాప కోయలేదు, నోరూ మూసుకోలేదు. సహోదరుణ్ణి వదలకుండా సహోదరుణ్ణి ఆపడం కష్టమైన పని. అది చేయగలిగినవారు ప్రతి వీధిలో కొందరైనా ఉండి ఉంటే ఆ కార్మికుడు భోజనం ముగించుకుని పనికి వెళ్లేవాడేమో.

హాంకాంగ్ యువకుల మీద తీర్పు చెప్పడానికి ఇది రాయలేదు. శాంతిగా అడిగినప్పుడు వినని పాలకులకు ఇందులో పెద్ద వాటా ఉంది. సంఘాల్లోని కాపరులను, తల్లిదండ్రులను, యూత్ నాయకులను ఒక్కటే కోరుతున్నాను. మీ పిల్లలు ఎవరిని ధైర్యవంతులంటున్నారో వినండి. ఆ మాటను గట్టిగా అరిచేవారికే వదిలేయకండి. మధ్యన చేతులు చాచి నిలబడిన ముసలివారికి, బోనులో బాధ్యత ఒప్పుకున్న కాపరికి, ‘తమ్ముడూ, ఆపు’ అనగలిగిన అన్నకు ఆ పేరు ఇవ్వండి.

ఈ ఆదివారం ప్రార్థనలో హాంకాంగ్ సంఘాలను జ్ఞాపకం చేసుకోండి. ఒకే బల్ల మీద కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూడలేని కుటుంబాలు అక్కడ ఇంకా ఉన్నాయి. చెరలో ఉన్నవారిని, వారి తల్లులను, గాయపడిన పోలీసులను, ఆ పారిశుద్ధ్య కార్మికుడి ఇంటివారిని ఒకే ప్రార్థనలో ప్రభువు సన్నిధిలో పెడదాం.